పాలు ఆపడానికి మాత్రా, మందు లేని దారా, మెల్లగా తగ్గించడమా?

కాన్పయ్యాక పాలు ఆపాల్సిన అవసరం రకరకాలుగా వస్తుంది. బిడ్డ దక్కని తల్లి ఉంటుంది. క్యాన్సర్‌కి కీమోథెరపీ మొదలుపెట్టాల్సిన తల్లి, బిడ్డకు గెలాక్టోసీమియా (పాలలోని చక్కెరను ఒళ్లు వాడుకోలేని, పుట్టుకతో వచ్చే జబ్బు) అని తేలిన తల్లి, వేరేవాళ్ల కోసం బిడ్డను మోసిన సరొగేట్ తల్లి ఉంటారు. మనసుకో ఒంటికో సరిపడక పాలివ్వకూడదని తనంతట తాను నిర్ణయించుకున్న తల్లి కూడా ఉంటుంది. కారణం ఏదైనా, దానికి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఉన్న దారుల్లో ఎవరికి ఏది సరిపోతుంది, ఎవరు దేనికి దూరంగా ఉండాలి అన్నదే ఇక్కడ చూద్దాం.

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. కాన్పయి ఒకటి రెండు రోజులే అయిన చాలామందికి మందు లేని దారి చాలు. సరైన బ్రా, చల్లటి ప్యాక్, నొప్పి మాత్ర, వారం పది రోజుల ఓపిక ఉంటే పాలు వాటంతట అవే తగ్గిపోతాయి. అలాగని మాత్రకు విలువ లేదనను. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి, వైద్యపరంగా తప్పనిసరిగా ఆపాల్సినవారికి అది పెద్ద ఊరట. కానీ దానికి గడువుంది, షరతులున్నాయి. వారాల తరబడి పాలిస్తున్నవారికైతే సాధారణంగా మెల్లగా తగ్గించడమే మేలు. అందుకే మీకు కాన్పయి ఎన్నాళ్లయింది, బీపీ ఎంత, గతంలో గుండెకో మనసుకో సంబంధించిన జబ్బేమైనా ఉందా అన్నవి తెలుసుకోకుండా ఎవరైనా "ఈ మాత్ర వేసుకో, సరిపోతుంది" అంటే ఆ సలహా పక్కన పెట్టండి.

దారి ఎంచుకునే ముందు ఇంకొక్కటి. "ఫలానా మందు వాడుతున్నావు కాబట్టి పాలు ఆపెయ్" అని చెప్పడం వల్ల ఆపాలనుకుంటున్నారా? అయితే మరోసారి అడిగి చూడండి. చాలా యాంటీబయాటిక్స్, బీపీ మందులు, డిప్రెషన్‌కి ఇచ్చే మందుల్లో చాలావరకు పాలిచ్చే తల్లులు వాడదగినవే. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వెబ్‌సైట్‌లో దొరికే లాక్ట్‌మెడ్ అనే ఉచిత సమాచార నిధిలో ఏ మందు పాలలోకి ఎంత వెళ్తుందో వివరంగా ఉంటుంది. డాక్టరు దాన్ని చూసి చెప్పగలరు. కీమోథెరపీ, రేడియోధార్మిక అయోడిన్ లాంటివి వేరే సంగతి, అక్కడ ఆపక తప్పదు. హెచ్‌ఐవీ ఉన్నవారి విషయంలో చికిత్స ఎలా ఉంది, వైరస్ అదుపులో ఉందా అన్నదాన్ని బట్టి సలహా మారుతుంది కాబట్టి అది తప్పనిసరిగా తమ డాక్టరుతో తేల్చుకోవాలి.

పాలు ఎందుకు పడతాయి, ఎలా ఆగుతాయి

ఈ కాస్త అర్థమైతే మిగతా పద్ధతులన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. గర్భం మధ్య నెలల నుంచే రొమ్ములు పాలకు సిద్ధమవుతూ ఉంటాయి. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ ఎక్కువగానే ఉన్నా, మాయ నుంచి వచ్చే ప్రొజెస్టిరాన్ పాలను ఆపి ఉంచుతుంది. కాన్పులో మాయ బయటికి రాగానే ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఇక ప్రొలాక్టిన్‌కి అడ్డు లేదు. అందుకే బిడ్డ రొమ్ము పట్టినా పట్టకపోయినా రెండు మూడు రోజుల్లో పాలు పడతాయి. నాలుగైదు నెలలు నిండాక గర్భం పోయినా ఇదే జరుగుతుంది. ఈ సంగతి ముందుగా చెప్పేవాళ్లు లేక, ఇంటికి వెళ్లాక మూడో రోజు రొమ్ములు రాయిలా గట్టిపడి కంగారుపడే తల్లులు ఎందరో.

మొదటి రోజులు దాటాక మాత్రం లెక్క మారుతుంది. పాలు ఎంత బయటికి పోతే అంత కొత్తగా తయారవుతాయి. పోకుండా నిలిచిపోతే లోపల ఒత్తిడి పెరిగి, పాలలోనే ఉండే కొన్ని పదార్థాలు "ఇక చాలు" అని కణాలకు సంకేతమిస్తాయి. పాలు తయారుచేసే కణాలు క్రమంగా తగ్గిపోతాయి. పాలివ్వని తల్లిలో ప్రొలాక్టిన్ రెండు మూడు వారాల్లో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. అంటే ఏ పద్ధతి ఎంచుకున్నా చివరికి ఆపేది ఒళ్లే. మాత్ర ఆ ప్రొలాక్టిన్‌ను పైనుంచి తగ్గిస్తుంది. మందు లేని పద్ధతి, కింద పాలు తీయకుండా ఉంచి అదే పని చేయిస్తుంది.

మందు లేని దారి

చెప్పడానికి ఇది చాలా చిన్నది: రొమ్ములను ప్రేరేపించకుండా ఉండటం, నొప్పిని తట్టుకునేలా చేసుకోవడం. చేసేటప్పుడే తప్పులు దొర్లుతాయి.

బాగా పట్టి ఉంచే, అలాగని నొక్కెయ్యని బ్రా రాత్రీ పగలూ వేసుకోవాలి. వైరు ఉన్నది వద్దు. గట్టి గుడ్డతో బిగించి కట్టడం పాత పద్ధతి, ఇప్పటికీ చాలామంది చెబుతుంటారు. ఇది వద్దని గట్టిగా చెప్తాను. 2003లో అచ్చయిన ఒక అధ్యయనంలో గుడ్డతో బిగించి కట్టుకున్న వాళ్లనీ, మామూలు సపోర్ట్ బ్రా వేసుకున్న వాళ్లనీ పోల్చి చూశారు. కట్టుకున్న వాళ్లకే నొప్పి, పాలు కారడం ఎక్కువ ఉన్నాయి. పైగా బిగువు వల్ల పాలనాళాలు నొక్కుకుపోయి గడ్డలు కట్టే ప్రమాదం ఉంది.

చల్లటి ప్యాక్‌ను పలచని గుడ్డలో చుట్టి, ఒక్కోసారి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టుకోవచ్చు. వాపు తగ్గుతుంది, నొప్పి మొద్దుబారుతుంది. వేడి కాపడం మాత్రం పనికిరాదు, వేడికి పాలు చేపుకొస్తాయి. స్నానం చేసేటప్పుడు కూడా వేణ్ణీళ్లు నేరుగా రొమ్ముల మీద పడకుండా వీపు తిప్పుకుంటే చాలు. నొప్పికి పారాసిటమాల్, లేదా వాపు కూడా తగ్గించే ఐబుప్రొఫెన్ వాడతారు. కిడ్నీ జబ్బు, కడుపులో అల్సర్, ఐబుప్రొఫెన్ పడని ఆస్తమా, అదుపులో లేని బీపీ ఉన్నవారు ఐబుప్రొఫెన్ డాక్టరుని అడగకుండా వేసుకోకూడదు.

పాలు పిండొచ్చా? ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. అస్సలు పిండకూడదని కొందరు, పూర్తిగా ఖాళీ చేయాలని కొందరు చెబుతారు. రెండూ సరి కావు. ఖాళీ చేస్తే ఒళ్లు మళ్లీ అంత తయారు చేస్తుంది. అస్సలు ముట్టుకోకుండా భరించలేని నొప్పితో ఉంటే పాలు గడ్డకట్టి రొమ్ములో ఇన్‌ఫెక్షన్ రావొచ్చు. ప్రాణం మీదికి వచ్చినట్టు ఉన్నప్పుడు చేత్తో కాసిన్ని, ఆ బిగువు వదిలేంతవరకే పిండి ఆపెయ్యాలి. పంప్ వాడకపోవడమే మంచిది, అది మనం అనుకున్నదానికంటే ఎక్కువ లాగేస్తుంది. రోజురోజుకీ పిండే సార్లు తగ్గిపోవాలి, పెరగకూడదు. రొమ్మును గట్టిగా మర్దన చేయడం కూడా మానాలి. వాచిన కణజాలాన్ని నలిపితే వాపు పెరుగుతుంది.

నీళ్లు తాగడం మానేస్తే పాలు ఎండిపోతాయన్నది నిజం కాదు. అలా చేస్తే బాలింత ఒళ్లు నీరసపడటం తప్ప ఒరిగేదేమీ ఉండదు. దాహమైనప్పుడల్లా తాగండి. నీరు తీసే మాత్రలు ఇందుకోసం వేసుకోవడమూ అనవసరం.

ఈ దారిలో మూడు నుంచి ఐదో రోజు వరకు కష్టంగా ఉంటుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో బిగువు వదలడం మొదలవుతుంది. వారం పది రోజులకు చాలామందికి తేలికవుతుంది, అయితే అప్పుడప్పుడు చుక్కలు కారడం కొన్ని వారాలు ఉండొచ్చు.

మాత్రలు

రెండు పేర్లు వినిపిస్తాయి: బ్రోమోక్రిప్టిన్, క్యాబర్గోలిన్. రెండూ మెదడులోని డోపమైన్ అనే రసాయనం పనిని అనుకరించి ప్రొలాక్టిన్‌ను తగ్గిస్తాయి. రెంటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే నేను క్యాబర్గోలిన్ వైపే మొగ్గుతాను. ఎందుకో చెప్తాను.

బ్రోమోక్రిప్టిన్‌ను పాలు ఆపడానికి రోజుకు రెండుసార్లు, రెండు వారాలపాటు వాడేవారు. అమెరికాలో 1980లో ఈ అవసరానికి అనుమతి వచ్చింది. ఆ తర్వాత బాలింతల్లో పక్షవాతం, ఫిట్స్, గుండెపోటు వచ్చినట్టు నివేదికలు చేరడంతో 1994లో ఈ వాడకాన్ని తొలగించారు. యూరప్‌లో 2014లో ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని మామూలుగా పాలు ఆపడానికి వాడొద్దని, వైద్య కారణం ఉన్నప్పుడు మాత్రమే, అదీ బీపీ గమనిస్తూ ఇవ్వమని చెప్పింది. రొమ్ముల నొప్పి, బిగువు తగ్గించడానికి ఇది వద్దని కూడా స్పష్టంగా చెప్పింది. కాన్పు వల్ల గుండె కండరం బలహీనపడే అరుదైన జబ్బులో గుండె నిపుణులు దీన్ని చికిత్సలో భాగంగా ఇస్తుంటారు. అది పూర్తిగా వేరే సందర్భం.

క్యాబర్గోలిన్ ఒంట్లో ఎక్కువకాలం నిలిచి ఉంటుంది కాబట్టి కాన్పయిన మొదటి 24 గంటల్లో 1 మిల్లీగ్రాము ఒక్కసారి వేసుకుంటే సరిపోతుంది. 1991లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పెద్ద యూరప్ అధ్యయనం ఈ ఒక్క డోసునీ, రెండు వారాల బ్రోమోక్రిప్టిన్‌నీ పక్కపక్కన పెట్టి చూసింది. క్యాబర్గోలిన్ తీసుకున్నవారిలో 78 శాతం మందికి, బ్రోమోక్రిప్టిన్ తీసుకున్నవారిలో 69 శాతం మందికి పాలు పూర్తిగా ఆగాయి. నాకు అంతకన్నా ముఖ్యంగా అనిపించింది తర్వాతి సంగతి. మందు పూర్తయ్యాక పాలు మళ్లీ తిరగబెట్టడం బ్రోమోక్రిప్టిన్‌తో చాలా ఎక్కువగా కనిపించింది, క్యాబర్గోలిన్‌తో చాలా తక్కువ.

24 గంటలు దాటితే మాత్ర ఇక పనికిరాదనుకోకండి. పాలు పడ్డాక ఆపాలంటే 0.25 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకోసారి రెండు రోజులు ఇస్తారు. ఒకేసారి ఎక్కువ ఇస్తే లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు కాబట్టి అలా చిన్న చిన్న డోసులుగా విడగొడతారు. తలనొప్పి, వికారం, తల తిరగడం మామూలుగా కనిపించే ఇబ్బందులు. మాత్ర వేసుకున్న మొదటి మూడు నాలుగు రోజులు బీపీ చూపించుకోవడం మంచిది.

ఎవరు వేసుకోకూడదో శ్రద్ధగా చదవండి. గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా వచ్చినవారికి, కాన్పయ్యాక బీపీ ఎక్కువగా ఉన్నవారికి ఈ మాత్రలు పనికిరావు. ఎర్గాట్ రకం మందులు (ఈ రెండు మాత్రలూ ఆ కుటుంబానివే) పడనివారు, గతంలో ఊపిరితిత్తులు లేదా గుండె చుట్టూ పొర గట్టిపడే జబ్బు ఉన్నవారు దూరంగా ఉండాలి. గుండె కవాటాల జబ్బు ఉంటే ముందే చెప్పాలి. గతంలో సైకోసిస్ (లేనివి కనపడటం, వినపడటం లాంటి తీవ్రమైన మానసిక జబ్బు) వచ్చినవారికి, ముఖ్యంగా కాన్పు తర్వాత వచ్చినవారికి డోపమైన్ పనిని అనుకరించే మందు జబ్బును తిరగబెట్టొచ్చు. అలాంటివారు మానసిక వైద్యుడితో మాట్లాడకుండా మొదలుపెట్టకూడదు.

మందులు ఒకదానికొకటి అడ్డుపడటం కూడా ఉంది. కాన్పు తర్వాత రక్తస్రావం తగ్గడానికి మిథైల్ ఎర్గోమెట్రిన్ ఇచ్చి ఉంటే క్యాబర్గోలిన్ కలపకూడదు, రెండూ ఒకే కుటుంబం మందులు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ యాంటీబయాటిక్స్ దీని మోతాదును రక్తంలో పెంచుతాయి. వికారంగా ఉందని డాంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్ వేసుకుంటే క్యాబర్గోలిన్ పని దెబ్బతింటుంది, ఎందుకంటే అవి ప్రొలాక్టిన్‌ను పెంచేవి. రిస్పెరిడోన్ లాంటి మానసిక వ్యాధి మందులదీ అదే తీరు. అందుకే మీరు వాడుతున్న మందులన్నిటి చీటీ డాక్టరుకు చూపించండి.

మరొక్క మాట. ఈ మాత్ర ప్రభావం బాలింతల్లో రెండు మూడు వారాల వరకు ఉంటుంది. వేసుకున్నాక మనసు మారి పాలిద్దామనుకుంటే వెనక్కి రావడం కష్టం. పాలివ్వాలా వద్దా అన్న ఊగిసలాట ఇంకా ఉంటే మాత్ర వేసుకోవద్దు. ఇంట్లోవాళ్లు తొందరపెట్టినా సరే.

బిడ్డ దక్కనప్పుడు

ఇక్కడ తూకం మాత్ర వైపు వంగుతుంది. 18 నుంచి 28 వారాల మధ్య గర్భం పోయినవారిలో, తీయించుకున్నవారిలో చేసిన ఒక అధ్యయనం 2023లో వచ్చింది. క్యాబర్గోలిన్ తీసుకున్నవారిలో నాలుగో రోజుకి రొమ్ముల్లో ఏదో ఒక ఇబ్బంది ఉన్నవారు సుమారు 28 శాతం. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 97 శాతం. దుఃఖంలో ఉన్న తల్లికి ఈ తేడా చిన్నది కాదు. ఒళ్లు పాలతో బరువెక్కడం ఆ సమయంలో మరో శిక్షలా ఉంటుంది. కాబట్టి ఆసుపత్రి నుంచి బయటికి రాకముందే, వీలైతే మొదటి రోజే అడగాలి. తల్లి అడిగే స్థితిలో ఉండదు కాబట్టి పక్కనున్నవాళ్లు అడగాలి.

అయితే అందరు తల్లులూ వెంటనే ఆపాలనుకోరు. ఆ పాలు బిడ్డ ఆనవాలుగా అనిపించి, నెమ్మదిగా వాటంతట అవే తగ్గనివ్వాలనుకునేవారు ఉంటారు. కొన్నాళ్లు పిండి మిల్క్ బ్యాంకుకి ఇచ్చేవారూ ఉంటారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లుల పాలను అనేక మిల్క్ బ్యాంకులు రక్తపరీక్షలు చేసి తీసుకుంటాయి, ఆ పాలు నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు వెళ్తాయి. ఇది ఎవరి మీదా మోపాల్సిన బాధ్యత కాదు, కానీ ఈ దారి కూడా ఉందని తల్లికి తెలియాలి. ఆ తల్లి తరఫున ఇంకెవరూ నిర్ణయం తీసుకోకూడదు.

పాలు బాగా పడ్డాక మాన్పించాలంటే

వారాలు, నెలలుగా పాలిస్తున్నవారు ఒక్కరోజులో ఆపేస్తే గడ్డలు, జ్వరం తప్పకపోవచ్చు. రెండు మూడు రోజులకోసారి ఒక్కో పాలు పట్టే వేళ తగ్గించుకుంటూ పోవాలి. బిడ్డ పెద్దగా ఆసక్తి చూపని వేళతో మొదలుపెట్టి, పొద్దున లేవగానే, రాత్రి పడుకునే ముందు ఇచ్చేవి చివరికి ఉంచుకుంటే ఇద్దరికీ తేలిక. పంప్ వాడుతున్నవారు ప్రతిసారీ పిండే సమయం కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. ఏదైనా చికిత్స వల్ల వెంటనే ఆపక తప్పదంటే పాలు బిడ్డకు పట్టకపోయినా మెల్లగా పిండుతూ తగ్గించుకోవచ్చు, లేదా పైన చెప్పిన చిన్న డోసుల మాత్ర గురించి అడగొచ్చు. పాలు మానేసే రోజుల్లో దిగులుగా, చిరాగ్గా ఉండటం కొందరికి జరుగుతుంది. రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టరుకి చెప్పాలి.

మిగతా చిట్కాల సంగతి

క్యాబేజీ ఆకులు చల్లగా పెట్టుకుంటే నొప్పి కాస్త తగ్గుతుంది, చల్లటి జెల్ ప్యాక్ చేసే పని కూడా అంతే. పాలు ఆగిపోతాయనడానికి ఆధారం లేదు. మల్లెపూలు రొమ్ముల మీద కట్టుకోవడం మీద 1988లో ఒక చిన్న అధ్యయనం బ్రోమోక్రిప్టిన్‌తో పోల్చి మంచి ఫలితం చెప్పింది, కానీ దాని మీద ఆధారపడి గట్టిగా చెప్పేంత పరిశోధన తర్వాత జరగలేదు. దురద రాకపోతే పెట్టుకోవడంలో హాని లేదు. సేజ్, పుదీనా ఆకుల కషాయాల గురించి అనుభవాల మాటే తప్ప లెక్కలు లేవు. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ ఒక్క డోసుతో పాలు దాదాపు పావు వంతు తగ్గినట్టు ఎనిమిది మంది తల్లుల్లో చేసిన అధ్యయనంలో కనిపించింది. అది గుండె దడ, బీపీ, నిద్రలేమి తెచ్చే మందు. ఇందుకోసం సొంతంగా కొనుక్కుని వాడకండి. ఈస్ట్రోజెన్ మాత్రలు, ఇంజెక్షన్లు ఒకప్పుడు ఇచ్చేవారు. కాన్పయిన కొత్తలో కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు వల్ల మానేశారు. ఎవరైనా ఇప్పటికీ ఇవ్వబోతే ఎందుకని అడగండి.

వైద్య పరిశోధనలను కలిపి తూచి చూసే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2012లో తెచ్చిన సమీక్ష 62 అధ్యయనాలను, ఆరువేల పైచిలుకు స్త్రీల సమాచారాన్ని కలిపి చూసింది. వాటిలో చాలావాటి నాణ్యత తక్కువేనని తేల్చింది. మందు లేని పద్ధతులను పోల్చి చెప్పేంత సమాచారం మరీ తక్కువగా ఉంది. కాబట్టి ఎవరైనా నూటికి నూరు శాతం పనిచేస్తుందని చెప్పే చిట్కాను నమ్మకండి.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి

రొమ్ములో ఒకచోట ఎర్రగా, వేడిగా, ముట్టుకోలేనంత నొప్పిగా ఉండి 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటిన జ్వరం, చలి వస్తే ఆలస్యం చేయకూడదు. చీము గడ్డగా మారితే దాన్ని తీయించాల్సి వస్తుంది. మాత్ర వేసుకున్నాక తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, ఫిట్స్, లేనివి కనపడటం వినపడటం జరిగితే అది ఎమర్జెన్సీ.

పాలు ఇవ్వని తల్లికి అండం విడుదల త్వరగా మొదలవుతుంది. కాన్పయిన నాలుగు వారాలకే అవ్వొచ్చు, మొదటి నెలసరి రాకముందే గర్భం రావొచ్చు. అందుకని మూడో వారం నుంచే గర్భనిరోధం గురించి ఆలోచించాలి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు మొదటి మూడు వారాల్లో వాడకూడదు, రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ ఉన్నవారు ఆరు వారాల వరకు ఆగాలి. కండోమ్, ప్రొజెస్టిరాన్ మాత్రలు, కాపర్-టీ లాంటివి అంతవరకు ఉన్న దారులు.

రొమ్మును నొక్కినప్పుడు చుక్క పాలు రావడం నెలల తర్వాత కూడా మామూలే. ఊరికే నొక్కి చూసుకుంటూ ఉండకండి, అదే ఒక ప్రేరణ. నొక్కకుండానే ఆరు నెలల తర్వాత కూడా కారుతుంటే, నెలసరి తిరిగి రాకపోతే, తలనొప్పి లేదా చూపులో తేడా ఉంటే ప్రొలాక్టిన్ రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి.